రక్తం వెలిగే కథలు

నవంబరు 6

మూడో సంపుటం మొదలుపెట్టాను. ఇటుకంత బరువు... చేత్తో పట్టుకుంటే మణికట్టు లాగేస్తోంది. దిండు మీద పెట్టుకుని చదవాలి.

మొదటిది నేను పనిచేసే లాడ్జిలోనే దొరికింది, గది ఊడుస్తుంటే మంచం కింద. ఫోన్ చేస్తే ఆ టూరిస్టు, "ఉంచేసుకోండి మేడమ్, రాజులూ మంత్రాలూ నాకు ఎక్కలేదు" అన్నాడు. నాకు ఎక్కాయి. మిగతావి విశాఖలో పాత పుస్తకాల కొట్టు నుంచి ఒక్కొక్కటిగా తెప్పించుకుంటున్నాను. రిసెప్షన్ బల్ల వెనక కూర్చుని, తెలియని ఇంగ్లీషు మాటకు ఫోన్‌లో అర్థం వెతుక్కుంటూ, రోజుకు కొన్ని పేజీలు.

అరకులో ఇప్పుడు సీజను. బయట వలిసె పూల చేలో నిలబడి ఫొటోలు దిగుతున్నారు. లోపల నేను, ఓర్లా. ఇద్దరం మంచు కనుమ దాటుతున్నాం.

నవంబరు 9

ఓర్లా గొర్రెలు కాసుకునే పిల్ల. మొదటి సంపుటంలో వేలు తెగి, ఒక రక్తపు చుక్క పాత రాయి మీద పడుతుంది. రాయి వెలుగుతుంది. అంతే — రాజవంశం! ఊరంతా మోకాళ్ల మీద. ఇలాంటి నవలలు ఇంకొన్ని చదివాను, అన్నిట్లోనూ ఇదే తంతు. మనిషికి తెలియకముందే రక్తానికి తెలుసు.

నా రక్తానికీ తెలుసు. అమ్మ దగ్గర సగం, నాన్న దగ్గర సగం. సగమే ఉంది కాబట్టి వాళ్లకు ఏమీ కాలేదు. ఆ రెండు సగాలూ నాలో కలిశాయి. సికిల్ సెల్. కణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి నాళాల్లో అడ్డం పడతాయని చిన్నప్పుడు డాక్టరు చీటీ వెనక బొమ్మ గీసి చూపించాడు. అందంగా గీశాడు కూడా.

నా రక్తం ఏ రాయినీ వెలిగించదు. మోకాళ్లలో మంట పెడుతుంది.

నవంబరు 15

కాఫీ పళ్ల కోత. గోనె పరుచుకుని కూర్చుని నేను కింది కొమ్మలు కోస్తున్నాను. పై కొమ్మలు అమ్మ, చెల్లి పారు. నిలబడి కోయనివ్వరు నన్ను.

చెల్లికి ఇంగ్లీషు రాదు, కానీ ఓర్లా పిచ్చి నాకన్నా ఎక్కువ. చదివినంత మేరా తెలుగులో చెప్పాలి. ఓర్లాను చంపడానికి ఉప్పు రాజు సైన్యం నది దాటిందని చెబితే పారు కోయడం ఆపేసింది.

"అయ్యో... మరి ఆ గుంట ఏటి సేసిందక్కా?"

వినట్లేదన్నట్టు ఉన్న అమ్మ ఉన్నట్టుండి — "ఆ రాజుకి పనీపాటా నేదేటి? కోతల కాలంలో యుద్ధమేటి?"

నిజమే. వేల పేజీల్లో ఒక్కరూ కోత కోయరు. సైన్యాలు మాత్రం తింటూనే ఉంటాయి.

నవంబరు 22

ఇవాళ్టి అధ్యాయంలో కొండ మనుషులు వచ్చారు. పుస్తకం మొదట్లో ఉన్న పటంలో వాళ్ల చోటు చిన్న చిన్న త్రికోణాలు, అంతే. పేరు లేదు. వాళ్లు ఓర్లాకు దారి చూపించారు, గాయానికి ఏదో వేరు నూరి కట్టారు, ఆమె వెళ్లిపోగానే ఉప్పు రాజు మనుషుల చేతిలో చచ్చిపోయారు. "ఒక కొండవాడు", "ఒక కొండ ముసలిది"... అలాగే చచ్చిపోయారు.

ఓర్లా గుర్రానికి కూడా పేరుంది.

పెన్సిల్ తీసుకుని అంచులో రాశాను. దారి చూపినవాడు సోమ్రా. వేరు నూరినది బుద్రి. వాగు ఒడ్డున బాణం తగిలినవాడు గాసి — నా చిన్నతాత పేరు. ఎందుకో చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

నవంబరు 30

పారు పెళ్లి మాట. మామయ్య కొడుకు కామేషుతో. అరకు నుంచి పై గూడేలకు జీపు నడుపుతాడు. వాళ్లిద్దరి సంగతి జీపెక్కే వాళ్లందరికీ తెలుసు. మాఘంలో చేసేద్దామని అమ్మ. సంతోషంగా ఉంది. నాన్న పోయాక అమ్మను అలా చూడటం ఇదే.

పారులోనూ సగం ఉంది. హాస్టల్లో చదివేటప్పుడే పరీక్ష చేసి చెప్పారు. అందుకే అడిగాను — "కామేషుకి టెస్టు చేయించారా?"

అమ్మ మొహం మారిపోయింది. "మొదలెట్టీసినావా? నా తమ్ముడి కొడుక్కి ఏటయిందని టెస్టు? ఏనుగునాగ ఉన్నాడు."

"నువ్వూ బాగానే ఉన్నావమ్మా" అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. మండుతున్న పొయ్యినే ఊదుతూ కూర్చుంది.

డిసెంబరు 8

చలి. నా జబ్బుకు పడదు. వేళ్ల చివర్లు మొద్దుబారుతున్నాయి. నాలుగో సంపుటంలో ఓర్లా మంచు గుహలో దారి తప్పింది.

"రేపు ఇంకా చల్లగా ఉంటుందా మేడమ్?" — చెక్ ఇన్ చేస్తూ ఒకావిడ. ఎంత ఆశగా అడిగిందో.

డిసెంబరు 13

నొప్పి. నడుము, తొడలు. రాయలేను.

డిసెంబరు 19

ఆసుపత్రి. ఇవాళ కూర్చోగలుగుతున్నాను.

మా ఇంటి దాకా జీపు రాదు. కామేషు నన్ను వీపు మీద వేసుకుని రోడ్డు దాకా దిగాడు. ప్రతి అడుగుకీ అరిచానట. నాకు గుర్తున్నది వాడి చొక్కా వాసన, డీజిలు... "ఒచ్చీసినాం వదినా, ఒచ్చీసినాం" అంటూనే ఉన్నాడు. రోడ్డు ఇంకా కనబడకముందు నుంచీ.

రక్తం బాగా తక్కువగా ఉంది, ఎక్కించాలి అన్నారు. కామేషు అప్పటికే చొక్కా చెయ్యి మడిచేసి నిలబడ్డాడు. "నాది తీసుకోండి సార్. ఎంతయినా తీసుకోండి." ఈమెకు ఎక్కించే రక్తం ముందు చూడాలయ్యా అని ల్యాబ్ అతను కొంచెం తీసుకెళ్లాడు. తిరిగొచ్చి నా మంచం పక్కనే చెప్పాడు, మామూలుగా, బయట వాన పడుతోందన్నట్టు.

"నీది ఈమెకు పనికిరాదు. నీలోనూ సగం ఉంది."

కామేషు మడిచిన చెయ్యి దించుకోవడం మరిచిపోయాడు. అలాగే నిలబడ్డాడు. అమ్మ అంతకుముందే మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్లింది. పారు ఇంటి దగ్గర. విన్నది మేమిద్దరమే.

మెల్లగా చొక్కా చెయ్యి దించుకుంటూ — "వదినా... పారుకి నువ్వు సెప్పకు. నానే సెప్తాను."

నాకు ఎవరిదో రక్తం ఎక్కింది. ఎవరో, ఎక్కడివారో. సాయంత్రానికి వేళ్లు వెచ్చబడ్డాయి.

డిసెంబరు 21

ఓర్లా భుజంలో బాణంతో రెండు రోజులు గుర్రపు స్వారీ చేసింది. మూడో రోజు లేచి యుద్ధతంత్రం చెప్పింది. పక్క మంచం ఆమె రాత్రంతా మూలుగుతూనే ఉంది. ఆమె కాలు విరిగింది, అంతే.

ఈ రచయితకు ఎప్పుడూ ఏమీ నొప్పెట్టలేదా? నొప్పిలో మనిషి వీరుడవడు. చిన్నవాడైపోతాడు. గోడ మీద ఒక మరక ఉంటుంది, ఆ మరకంత అయిపోతాడు. ఎవరూ ఆ అధ్యాయం రాయరు.

భవిష్యవాణి కోసం మాత్రం వందల పేజీలు. గుడ్డి సన్యాసిని, రాగి రేకులు, అర్థం కాని పద్యం. మాకు ల్యాబ్ అతను ఒక్క వాక్యంలో చెప్పాడు. అర్థం కానిదేమీ లేదు అందులో.

డిసెంబరు 27

ఇల్లు. పారు నీళ్లు కాచి తలంటింది. వేళ్లు మెత్తగా, జాగ్రత్తగా. పెళ్లికి ఏ రంగు చీర బాగుంటుందని అడిగింది. పసుపు అన్నాను. కామేషు ఇంకా చెప్పలేదన్నమాట.

జనవరి 5

జీపు స్టాండు దగ్గర దొరికాడు. ముందరి అద్దం తుడుస్తున్నాడు.

"చెప్పావా?"

"సెప్తాను వదినా."

"ఎప్పుడు?"

అద్దం అప్పటికే తళతళలాడుతోంది. ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. నన్ను మోసుకొచ్చిన మనిషి. కోపం తెచ్చుకోవాలని చూశాను... రాలేదు. కానీ అక్కడే నిలబడి ఉన్నాను, పాసింజర్లు ఎక్కి, వాడు బండి తీసేదాకా.

జనవరి 11

ఐదో సంపుటం. చిన్న యువరాజు పుట్టుకతోనే జబ్బు మనిషి. కిటికీ దగ్గర కూర్చుని కోటలో అందరినీ ఆటపట్టిస్తుంటాడు. ఇన్ని పుస్తకాల్లో నాకు స్నేహితుడిలా అనిపించింది వాడొక్కడే. వాడి మాటలు ఎప్పుడొస్తాయా అని యుద్ధాల పేజీలు గబగబా తిప్పేశాను.

ఇవాళ చచ్చిపోయాడు. ఎందుకు? ఓర్లా ఏడవాలి కనక. ఏడ్చి కత్తి దూయాలి కనక. ఉప్పు రాజు మనుషులకు తలుపు తీయకుండా అడ్డం పడి, నవ్వుతూ చచ్చిపోయాడు. "నా వల్ల అయ్యేది ఇదొక్కటే" అంటాడు చివర్లో.

ఎవరన్నారు? కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడటం అవుతుంది కదా. రేపూ అవుతుంది కదా.

పుస్తకం బియ్యం డబ్బా వెనక పడేశాను. వద్దు ఇక.

జనవరి 20

వాగు దగ్గర. పారు ఉతుకుతోంది, నేను బండల మీద ఆరేస్తున్నాను. ఆగలేకపోయాను. చెప్పేశాను — ఆ రోజు ఆసుపత్రిలో కామేషు రక్తం ఎందుకు వద్దన్నారో.

పారు దుప్పటి పిండుతూనే ఉంది.

"నాకు తెల్సక్కా. ఆ సాయంత్రమే ఒచ్చి సెప్పీసినాడు. ఏడ్సినాడు కూడా. నీకు సెప్పొద్దని నానే అన్నాను."

అంటే నా ముందు అద్దం తుడుస్తూ నిలబడ్డది దీని మాట కోసం. నేను ఇన్నాళ్లూ...

"తెలిసీ చేసుకుంటావా?"

"సేసుకుంటాను."

"పుట్టే పిల్లల సంగతి? ప్రతి కాన్పుకీ భయమే పారూ. నాలాగ పుడతారేమోనని."

దుప్పటి బండ మీద పెట్టింది. నా వైపు తిరిగింది. కోపం లేదు మొహంలో. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"నీనాగ పుడితే ఏటక్కా? నువ్వు బతకట్నేదా?"

జనవరి 21

జవాబు చెప్పలేదు. ఏం చెప్పినా తప్పే. కనొద్దంటే నేను పుట్టకుండా ఉండాల్సింది అని నేనే అన్నట్టు. ఫర్వాలేదు కను అంటే ఆ పదమూడో తేదీని, ఆ అరుపుల్ని, ఇంకో పసి ఒంటికి ఇచ్చినట్టు.

జనవరి 28

పారు అమ్మకు కూడా చెప్పేసింది. అమ్మ సాయంత్రం గుడ్డలో వేడి ఇసుక మూట కట్టుకుని వచ్చి నా మోకాళ్ల మీద పెట్టింది. అక్కడే కూర్చుంది.

"మీ నాన్నని సేసుకున్నప్పుడు నాకెవులు సెప్పినారే? సెప్పినా నాను ఇందునేటి? ఆడు కొండెక్కి పాడతంటే కింద నాకు ఇనిపించేది."

మూట సర్దింది.

"నువ్వు ఏడిసినప్పుడల్లా నానే ఇచ్చీసినాననుకుంతాను. ఏటి సెయ్యను? ఎనక్కి తీసుకుందునా?"

అమ్మ దగ్గర ఈ మాట ఉందని నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఒప్పుకోదనుకున్నాను. ఒప్పుకోకపోవడం కాదు అది. చెయ్యి పట్టుకున్నాను. కాఫీ మరకలు గోళ్లలో నల్లగా.

ఫిబ్రవరి 9

పెళ్లైపోయింది. పసుపు చీర. డప్పు మొదలవగానే ఆడవాళ్లంతా చేతులు కలిపి వరస కట్టారు, అమ్మతో సహా. నేను ముసలివాళ్లతో బల్ల మీద కూర్చున్నాను. పారు నవ్వుతూ తిరుగుతోంది. అందంగా ఉంది. దాన్ని చూస్తూ భయపడుతున్న మనిషి ఆ పందిట్లో నేనొక్కదాన్నే అనుకున్నాను... కామేషు కూడా నా వైపే చూస్తున్నాడు.

మార్చి 3

ఇల్లు ఖాళీ. పారు మామయ్యగారి ఊళ్లో. అమ్మ మిరియాలు ఎండబెడుతోంది. లాడ్జిలో గదులు సగం ఖాళీ.

డబ్బా వెనక నుంచి ఐదో సంపుటం తీశాను. అట్ట మీద ఎలుక కొరికింది. మళ్లీ చదువుతున్నాను.

ఎందుకని నన్ను నేనే అడుగుతున్నాను. కొండ మనుషులకు పేర్లు పెట్టరు. జబ్బు మనిషిని బతకనివ్వరు. గొప్ప రక్తం లేనివాళ్లు దారి పక్కన నిలబడి జేజేలు కొట్టడానికే. అన్నీ తెలుసు. అయినా ఒకటుంది — లావు. ఇంత లావు పుస్తకం మొదలుపెట్టడమంటే ఇంకా కొన్నాళ్లు ఉంటానని అనుకోవడమే. నాకు ఆ మాట ఇంకెవరూ చెప్పరు. డాక్టర్లు అసలే చెప్పరు.

మార్చి 16

ఆరో సంపుటం వచ్చింది బస్సులో. ఏడోది ఉందా అని పుస్తకాల కొట్టు అతన్ని అడిగాను. రచయిత ఇంకా రాయలేదట. ఏళ్లుగా రాస్తూనే ఉన్నాడట. ముసలివాడట.

వాడు ముందా, నేను ముందా... రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను.

ఏప్రిల్ 10

ఓర్లాకు పట్టాభిషేకం. పురోహితుడు ఆమె పూర్వీకుల పేర్లన్నీ చదువుతాడు, పేజీలకు పేజీలు. ప్రతివాడూ ఏదో ఒక కోట గెలిచినవాడే. వాళ్లలో ఒక్కడికైనా కీళ్ల నొప్పులు లేవా?

పారు ఫోన్. ఊరికే చేశానంది. ఊరికే ఎప్పుడూ చేయదు.

మే 2

పారు వచ్చింది. కామేషు దింపి, గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. దాని మొహం చూడగానే తెలిసింది.

అమ్మ కోడిని పట్టుకోవడానికి పెరట్లోకి వెళ్లింది. ఎంతకీ రాలేదు.

"డాక్టరమ్మ విశాఖ ఎల్లమంది" అంది పారు. "కడుపులో ఉండగానే సూడొచ్చంట. సూది ఏసి. నువ్వు రావాలక్కా."

"వస్తాను."

"సూసినాక... అలాగే ఉందంటే? నువ్వేటంటావు?"

ఈసారి తప్పించుకోలేదు. వాగు దగ్గర ఇవ్వని జవాబు, ఎలా వస్తే అలా చెప్పాను.

"నొప్పి వచ్చినప్పుడు చచ్చిపోతే బాగుండునని అనుకుంటాను పారూ. ప్రతిసారీ. తగ్గిన మర్నాడు కాఫీ తాగుతూ ఇంకొన్నాళ్లు ఉంటే చాలనుకుంటాను. అదీ ప్రతిసారీ. రెండూ నిజమే. ఏది పెద్ద నిజమో నాకే తెలీదు. నీకేం చెప్పను?"

పారు నా ఒళ్లో తల పెట్టుకుంది. చిన్నప్పుడెప్పుడో పెట్టుకునేది. తల బరువుకు తొడ నొప్పెట్టింది. జరగమనలేదు.

మే 19

ఆరో సంపుటం అయిపోయింది. ఓర్లా కోట గుమ్మంలో నిలబడి ఉంది. బయట సైన్యమో, అతిథులో ఇంకా తెలియదు. అక్కడ ఆపేశాడు.

పారుకు చెప్పలేదు.

మే 27

విశాఖ. పెద్దాసుపత్రి వరండాలో రాస్తున్నాను. ఉక్క. కొండ దిగితే నా ఒంటికి హాయిగానే ఉంటుంది, అదొక్కటే. కామేషు తెల్లారకుండానే జీపు తీశాడు. ఘాట్ రోడ్డంతా మలుపు మలుపుకీ మెల్లగా, గుడ్లు మోస్తున్నట్టు. పారు రెండుసార్లు వాంతి చేసుకుంది.

లోపల ఒక మేడమ్ ముగ్గుర్నీ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. మంచి మనిషి. సూది ఎలా వేస్తారో, ఫలితం ఎన్నాళ్లకు వస్తుందో. చివర్లో — "పూర్తిగా ఉందని తేలితే ఏం చేద్దామనుకుంటున్నారో ఇద్దరూ మాట్లాడుకోండి. అది మీ ఇష్టం. పరీక్ష చేయించుకోవడం, మానడం కూడా మీ ఇష్టమే."

పారు ఆమెను వినడం లేదు. నన్ను చూస్తోంది. నా వేళ్లను, కళ్లలోని పసుపును, చెప్పుల్లో ఉబ్బిన పాదాలను. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషిని కొత్తగా చూస్తోంది.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. నా సంచిలో పుస్తకం లేదు ఇవాళ. ఉన్నా తెరిచేదాన్ని కాను. ఏ రాయీ వెలగని చోటు ఇది. ట్యూబులైట్లు, ఫినాయిల్ వాసన, చీటీలు పట్టుకుని మనుషులు. వాళ్లందరి పేర్లూ వరసగా పిలుస్తున్నారు, ఎవరినీ వదలకుండా.

"బేగి అయిపోద్దా వదినా?" — కామేషు.

"అయిపోతుంది."

"దానికి నొప్పెడతాదా?"

కొంచెం, అన్నాను. వాడు తన పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు, తెలియకుండానే.

ఇప్పుడే నర్సు తలుపు తీసి పారు పేరు పిలిచింది.

కామేషు లేచాడు. పారు లేవలేదు.

నర్సు మళ్లీ పిలుస్తోంది. పారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది... ఎడమ చెయ్యి. కుడి చేత్తో ఇది రాస్తున్నాను. పెన్ను కింద పెట్టాలి. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.